బటన్ నొక్కగానే విండో బిగుసుకుపోతోందా? ఇలా సరిచేయండి

అనంతపురంలో ప్రాజెక్టు చేసుకునే ఇంజినీరింగ్ పిల్లలు, కర్నూలు, కడపల్లో నెట్ సెంటర్లు నడిపేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. "అన్నా, బటన్ నొక్కితే విండో తెల్లగైపోతాంది. పైన నాట్ రెస్పాండింగ్ అని వస్తాంది. కాసేపు ఊరకుంటే పని మాత్రం అయిపోయింటాది. ఏం చేయాల?"

వాళ్లు చేసింది దాదాపు ఒకటే. పైథాన్‌లో విండోలు కట్టే టికింటర్ అనే లైబ్రరీతో చిన్న విండో కట్టుకున్నారు. బటన్ నొక్కితే అది ఇంకో ప్రోగ్రామ్‌ను పిలుస్తుంది. పీడీఎఫ్ సైజు తగ్గించే ఘోస్ట్‌స్క్రిప్ట్ కావచ్చు, వీడియో మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ కావచ్చు. ఆ రెండో ప్రోగ్రామ్ పని ముగించేదాకా విండో ఉలకదు, పలకదు.

పని ఎలాగూ అవుతోంది కదా అని దీన్ని వదిలేయకండి. కౌంటర్ ముందు ఒక రైతు పాస్‌పుస్తకం పట్టుకుని నిలబడి ఉంటాడు. లోపల ప్రోగ్రామ్ నడుస్తోందో ఆగిపోయిందో ఆపరేటర్‌కు తెలియదు. టెన్షన్‌లో మళ్లీ నొక్కుతాడు, ఆ తర్వాత టాస్క్ మేనేజర్ తెరిచి ఎండ్ టాస్క్ కొడతాడు. సగం రాసిన పీడీఎఫ్ ఫోల్డర్‌లో మిగిలిపోతుంది, దాన్నే అప్‌లోడ్ చేస్తాడు. నష్టం ఆ రైతుది. అందుకే ఇది పూర్తిగా సరిచేయాల్సిన విషయం.

ఇక్కడ ఉదాహరణగా స్కాన్ చేసిన పాస్‌పుస్తకం, 1బి లాంటి కాగితాల పీడీఎఫ్ సైజు తగ్గించే టూల్‌ను తీసుకుంటున్నాను. 300 డీపీఐలో స్కాన్ చేసిన ఏ4 పేజీ ఒక్కటే 2480 × 3508 పిక్సెళ్లు ఉంటుంది. అలాంటి పేజీలు నలభై ఉంటే పాత కంప్యూటర్ మీద ఘోస్ట్‌స్క్రిప్ట్‌కు బాగానే టైమ్ పడుతుంది. ఫంక్షన్ల పేర్లు పలికే తీరులో రాశాను.

ఎందుకు బిగుసుకుంటుంది

విండో ఉన్న ప్రోగ్రామ్‌లో ఒక లూప్ తిరుగుతూ ఉంటుంది. టికింటర్‌లో దాని పేరు మెయిన్‌లూప్. మౌస్ క్లిక్ అందుకునేది అదే, కీబోర్డు వినేది అదే, విండోను గీసేదీ అదే. మీ బటన్ ఫంక్షన్‌ను పిలిచేది కూడా అదే కాబట్టి, ఆ ఫంక్షన్ తిరిగి వచ్చేదాకా మిగతావన్నీ ఆగిపోతాయి. జిరాక్స్ షాపులో కౌంటర్ దగ్గర ఉన్న ఒక్కడూ లోపలికి పోయి మిషన్ పక్కనే నిలబడితే, బయట వచ్చినవాళ్లకు జవాబు చెప్పేవాడు ఉండడు. ఇదీ అంతే. ఒక విండో 5 సెకన్ల పాటు పలకకపోతే విండోస్ దానికి నాట్ రెస్పాండింగ్ అని తగిలిస్తుంది.

కాబట్టి బటన్ ఫంక్షన్ చేయాల్సింది ఒకటే. పని అప్పగించి వెంటనే వెనక్కి రావాలి. అయిందా లేదా అన్నది తర్వాత, మధ్యమధ్యలో అడగాలి.

కావలసినవి

- పైథాన్ 3.7 లేదా అంతకన్నా కొత్తది. టికింటర్, ఇంకో ప్రోగ్రామ్‌ను నడిపే సబ్‌ప్రాసెస్, థ్రెడింగ్, క్యూ అన్నీ దాంతోనే వస్తాయి. ఉబుంటు లాంటి వాటిలో మాత్రం టికింటర్ ప్యాకేజీ విడిగా వేసుకోవాలి.
- ఘోస్ట్‌స్క్రిప్ట్. విండోస్‌లో రెండు ఎక్జిలు కనిపిస్తాయి. జీఎస్‌విన్64 సొంత విండో తెరుస్తుంది, మనకు అది వద్దు. చివర సీ ఉన్న జీఎస్‌విన్64సీ వాడండి.
- పరీక్షకు ఒక రెండు పేజీల పీడీఎఫ్, ఒక పెద్ద పీడీఎఫ్, ఒక పాడైన పీడీఎఫ్. ఏదైనా టెక్స్ట్ ఫైలుకు పేరు మార్చి పీడీఎఫ్ అని పెడితే పాడైనది దొరికినట్టే.

1. ముందు ఒక గడియారం పెట్టండి

కోడ్ మార్చకముందే విండో మూలలో ఒక లేబుల్ పెట్టి, ఆఫ్టర్ ఫంక్షన్‌తో ప్రతి 100 మిల్లీసెకన్లకు అందులో అంకె ఒకటి పెంచండి. అంకె పరిగెడుతుంటే విండో బాగున్నట్టు. ఆగిందంటే ఎక్కడో మెయిన్‌లూప్‌ను పట్టుకుని కూర్చున్నారు.

ఇంకొంచెం ఓపిక ఉంటే, ప్రతిసారీ టైమ్ మాడ్యూల్‌లోని మోనోటోనిక్ (ఎప్పుడూ ముందుకే పోయే గడియారం) విలువ తీసుకుని, పోయినసారికీ ఇప్పటికీ తేడా 300 మిల్లీసెకన్లు దాటితే లాగ్ ఫైలులో రాయించండి. "అప్పుడప్పుడు ఇరుక్కుంటాంది" అనే ఫిర్యాదులు కంటితో దొరకవు, ఈ లాగ్‌లో దొరుకుతాయి. పని పూర్తయ్యేదాకా దీన్ని తీయొద్దు.

2. కమాండ్‌ను నల్ల తెరలో విడిగా నడపండి

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, తర్వాత గంటలు గంటలు విండో కోడ్‌లో వెతుకుతారు. కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మీ ప్రోగ్రామ్ ఇచ్చే కమాండ్‌నే అక్కడ ఇవ్వండి. అది మిమ్మల్ని ఏదైనా అడుగుతోందేమో చూడండి.

ఘోస్ట్‌స్క్రిప్ట్‌కు డీనోపాజ్ ఇవ్వకపోతే ప్రతి పేజీకీ ఎంటర్ కొట్టమని ఆగే అవకాశం ఉంది. డీబ్యాచ్ ఇవ్వకపోతే పని అయ్యాక కూడా జీఎస్ అనే ప్రాంప్ట్ చూపిస్తూ కదలకుండా ఉంటుంది. అవుట్‌పుట్ ఫైలును హైఫన్ ఓ ఆప్షన్‌తో ఇస్తే ఈ రెండూ దానంతట అదే పెట్టుకుంటుంది, అదే వాడండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అయితే అవుట్‌పుట్ ఫైలు ముందే ఉంటే "దానిపై రాయమంటారా" అని అడుగుతుంది. హైఫన్ వై ఇస్తే అడగదు.

కనిపించని తెర మీద కనిపించని ప్రశ్న వేసి, రాని జవాబు కోసం ఆ ప్రోగ్రామ్ ఎదురుచూస్తుంటుంది. విండో ఎంత బాగా కట్టినా దీన్ని దాటలేరు.

3. రన్ తీసేయండి, పోపెన్ పెట్టండి

సబ్‌ప్రాసెస్‌లోని రన్, కాల్, చెక్‌అవుట్‌పుట్, ఓఎస్ మాడ్యూల్‌లోని సిస్టమ్, ఇవన్నీ పని అయ్యేదాకా తిరిగి రావు. పోపెన్ మాత్రం ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టి వెంటనే వచ్చేస్తుంది. ఇలా ఇవ్వండి:

- కమాండ్‌ను ఒకే వాక్యంగా కాకుండా లిస్టుగా ఇవ్వండి. అప్పుడు ఫైలు పేరులో ఖాళీలున్నా ఇబ్బంది లేదు.
- షెల్ ఆప్షన్ ట్రూ పెట్టకండి. పెడితే మీ చేతిలో ఉండేది షెల్ మాత్రమే. రద్దు చేసినప్పుడు షెల్ పోతుంది, ఘోస్ట్‌స్క్రిప్ట్ నడుస్తూనే ఉంటుంది.
- ఎస్‌టీడీఇన్‌కు (ప్రోగ్రామ్‌కు ఇన్‌పుట్ వచ్చే దారి) డెవ్‌నల్, అంటే ఖాళీ దారి, ఇవ్వండి. అప్పుడు ఆ ప్రోగ్రామ్ పొరపాటున ప్రశ్న అడిగినా ఖాళీ జవాబు అంది బయటికి వచ్చేస్తుంది, ఆగిపోదు.
- విండోస్‌లో క్రియేషన్‌ఫ్లాగ్స్‌కు క్రియేట్ నో విండో ఇవ్వండి. లేకపోతే ప్రతిసారీ నల్ల తెర మెరిసి పోతుంది. ఈ పేరు లైనక్స్‌లో ఉండదు కాబట్టి ఏ సిస్టమో చూసి ఇవ్వాలి.

ప్రస్తుతానికి ఎస్‌టీడీఅవుట్ (ప్రోగ్రామ్ మామూలుగా రాసేది), ఎస్‌టీడీఎర్రర్ (ఎర్రర్లు రాసేది) రెండింటినీ ఒక లాగ్ ఫైలులోకి మళ్లించండి. పైప్ (ఒక ప్రోగ్రామ్ రాసేదాన్ని ఇంకోటి నేరుగా చదివే దారి) జోలికి ఇప్పుడే పోవద్దు.

పోపెన్‌ను ట్రై, ఎక్సెప్ట్ మధ్య పెట్టడం మరవకండి. ఘోస్ట్‌స్క్రిప్ట్ ఆ కంప్యూటర్‌లో లేకపోతే ఫైల్ నాట్ ఫౌండ్ ఎర్రర్ అక్కడికక్కడే వస్తుంది. "ఘోస్ట్‌స్క్రిప్ట్ కనబడలేదు, ముందు దాన్ని ఇన్‌స్టాల్ చేయండి" అని తెలుగులో చెప్పండి.

4. పోల్‌తో అడగండి, ఆఫ్టర్‌తో మళ్లీ పిలిపించుకోండి

పోపెన్ ఇచ్చిన ఆబ్జెక్టుకు పోల్ అనే ఫంక్షన్ ఉంది. ప్రోగ్రామ్ ఇంకా నడుస్తుంటే నన్ ఇస్తుంది, ముగిస్తే ముగింపు కోడ్ ఇస్తుంది. ఎంత మాత్రం ఆగదు. దీన్ని ఆఫ్టర్‌తో కలిపితే పని అయిపోయింది:

మొదలుపెట్టు ఫంక్షన్:
  ఇప్పటికే పని నడుస్తుంటే ఏమీ చేయకుండా వెనక్కి రా
  బటన్‌ను నొక్కకుండా చెయ్యి
  పోపెన్‌తో ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను మొదలుపెట్టు
  100 మిల్లీసెకన్ల తర్వాత "చూడు" ఫంక్షన్‌ను పిలవమని ఆఫ్టర్‌కు చెప్పు

చూడు ఫంక్షన్:
  పోల్ ఏమిచ్చిందో తీసుకో
  నన్ అయితే 100 మిల్లీసెకన్ల తర్వాత మళ్లీ "చూడు" పిలవమని చెప్పు
  కోడ్ వస్తే "ముగించు" ఫంక్షన్‌ను పిలువు

100 ఎందుకంటే, పదో వంతు సెకను లోపు జరిగేది మనిషికి వెంటనే జరిగినట్టే అనిపిస్తుంది. యూజర్ ఇంటర్‌ఫేస్ నిపుణుడు జేకబ్ నీల్సన్ చెప్పిన 0.1, 1, 10 సెకన్ల హద్దులు ఇప్పటికీ అందరూ వాడుతున్నారు. 10 మిల్లీసెకన్లు పెట్టి అదనంగా సాధించేది ఏమీ లేదు.

పని మొదలైన మెసేజ్‌తో పాటు ప్రోగ్రెస్‌బార్‌ను ఇన్‌డిటర్మినేట్ మోడ్‌లో అటూ ఇటూ కదిలేలా పెట్టండి. చాలా నెట్ సెంటర్ టూల్స్‌కు ఇంతవరకు చాలు. ఎన్ని పేజీలు అయ్యాయో చూపించాల్సిన అవసరం లేకపోతే 5, 6 మెట్లు వదిలేసి 7కు వెళ్లండి. థ్రెడ్ (అదే ప్రోగ్రామ్‌లో పక్కన విడిగా నడిచే పని) లేని కోడ్‌లో తప్పులు తక్కువ.

5. బయటికి వచ్చే లైన్లు చదవాలంటే

అసలు చిక్కంతా ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

అవుట్‌పుట్‌ను పైప్‌లోకి తీసుకుంటే దాన్ని ఎవరో ఒకరు ఖాళీ చేస్తూ ఉండాలి. పైప్‌లో పట్టేది కొంచెమే. లైనక్స్‌లో మామూలుగా 64 కేబీ, అంటే 65,536 బైట్లు. అది నిండితే ఘోస్ట్‌స్క్రిప్ట్ రాయలేక ఆగుతుంది. మీరేమో అది ముగిసేదాకా చూస్తుంటారు. ఇద్దరూ ఒకరి కోసం ఒకరు కూర్చుంటారు, ఇక తెల్లవార్లూ అంతే. చిన్న ఫైలుకు పని చేసి, పెద్ద ఫైలుకు మాత్రమే ఆగిపోతుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

మెయిన్‌లూప్‌లోనే రీడ్‌లైన్ పిలిస్తే? లైను వచ్చేదాకా అది ఆగుతుంది, విండో మళ్లీ బిగుసుకుంటుంది. కాబట్టి చదివే పనిని ఒక థ్రెడ్‌కు ఇవ్వాలి:

క. పోపెన్‌లో ఎస్‌టీడీఅవుట్‌కు పైప్ ఇవ్వండి, ఎస్‌టీడీఎర్రర్‌ను కూడా దాంట్లోకే మళ్లించండి. రెండు పైప్‌లు పెట్టి ఒకదాన్నే చదివితే రెండోది నిండి ఆగుతుంది.

ఖ. ఒక క్యూ (వేసిన వరుసలోనే తీసుకునే లిస్టు) తయారుచేయండి.

గ. థ్రెడ్ చేసే పని ఇంతే: లైను చదువు, క్యూలో వెయ్యి. లైన్లు అయిపోయాక వెయిట్ పిలిచి ముగింపు కోడ్‌ను కూడా క్యూలో వెయ్యి. వెయిట్ ఇక్కడ వాడొచ్చు, ఎందుకంటే ఇది మెయిన్‌లూప్ కాదు. ఈ థ్రెడ్‌కు డీమన్ ట్రూ పెట్టండి, అప్పుడు టూల్ మూసేటప్పుడు ఇది అడ్డుపడదు.

ఘ. "చూడు" ఫంక్షన్‌లో పోల్ బదులు క్యూ నుంచి గెట్ నోవెయిట్‌తో తీసుకోండి. క్యూ ఖాళీ అయితే ఎంప్టీ ఎక్సెప్షన్ వస్తుంది, అప్పుడు వెనక్కి రండి. ముగింపు కోడ్ కనబడితే "ముగించు" పిలవండి.

థ్రెడ్ లోపలి నుంచి లేబుల్ మార్చడం, టెక్స్ట్ బాక్సులో రాయడం, మెసేజ్‌బాక్స్ చూపించడం, ఇవేవీ చేయకండి. టికింటర్ విడ్జెట్లను మెయిన్ థ్రెడ్ మాత్రమే ముట్టుకోవాలి. మీ ల్యాప్‌టాప్‌లో బాగానే నడవచ్చు, తర్వాత ఎక్కడో కారణం తెలియకుండా కుప్పకూలుతుంది.

ఒక్కసారికి 200 లైన్లకు మించి క్యూ నుంచి తీయకండి. ఎఫ్ఎఫ్ఎంపెగ్ లాంటివి జోరుగా రాసేటప్పుడు క్యూ మొత్తం ఖాళీ చేయాలని చూస్తే "చూడు" ఫంక్షనే మెయిన్‌లూప్‌ను పట్టుకుని కూర్చుంటుంది. మిగిలినవి వచ్చే 100 మిల్లీసెకన్లలో తీసుకోవచ్చు. టెక్స్ట్ బాక్సులో కూడా చివరి 500 లైన్లు ఉంచి పాతవి తీసేయండి.

*తెలుగు ఫైలు పేర్లతో వచ్చే చిక్కు.* ఇది మన భాషల్లాంటి వాటికి తగిలే దెబ్బ, ఇంగ్లీషులో రాసిన గైడ్లలో సాధారణంగా దొరకదు. పోపెన్‌కు టెక్స్ట్ ట్రూ ఇచ్చి ఎన్‌కోడింగ్ (బైట్లను అక్షరాలుగా చదివే పద్ధతి) ఇవ్వకపోతే, మన దగ్గర వాడే విండోస్‌లో పైథాన్ సాధారణంగా 1252 అనే పాత కోడ్‌పేజీతో చదువుతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఇన్‌పుట్ ఫైలు పేరును అన్ని భాషల అక్షరాలూ పట్టే యూటీఎఫ్-8లో తిరిగి రాస్తుంది. ఫైలు పేరు "పెళ్లి" అనుకుందాం. ఒత్తు కోసం వాడే పొల్లు గుర్తు యూటీఎఫ్-8లో ఈ0, బీ1, 8డీ అనే మూడు బైట్లు. ఆ 8డీకి 1252లో అక్షరమే లేదు. దాంతో యూనికోడ్ డీకోడ్ ఎర్రర్ వచ్చి చదివే థ్రెడ్ చచ్చిపోతుంది. కన్సోల్ లేదు కాబట్టి ఆ ఎర్రర్ మీకు కనబడదు. చదివేవాళ్లు లేక పైప్ నిండుతుంది, ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఆగుతుంది, ముగింపు కోడ్ క్యూలోకి ఎన్నటికీ రాదు. ఒత్తు ఉన్న పేరైనా, కొమ్ము ఉన్న పేరైనా ఇదే గతి. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి ఇచ్చిన టూల్ షాపులో మొదటి రోజే ఆగిపోవడం వెనక చాలాసార్లు ఉండేది ఇదే.

మందు రెండు ముక్కలు. ఎన్‌కోడింగ్‌కు యూటీఎఫ్-8 ఇవ్వండి, ఎర్రర్స్‌కు రీప్లేస్ ఇవ్వండి. అదనంగా, థ్రెడ్ పనిని ట్రై, ఫైనల్లీ మధ్య పెట్టి, ఏమైనా సరే చివర్లో క్యూలో ఒక ముగింపు గుర్తు పడేలా చూడండి.

6. ఎంత అయిందో చూపించండి

ఘోస్ట్‌స్క్రిప్ట్ మొదట ఎన్ని పేజీలు చేయబోతోందో ఒక లైనులో చెప్పి, తర్వాత ఒక్కో పేజీకి ఒక్కో లైను రాస్తుంది. పేజీల లెక్క చెప్పే ఆ లైను నుంచి చివరి అంకె తీసుకుని ప్రోగ్రెస్‌బార్ గరిష్ఠంగా పెట్టండి, పేజీ లైను వచ్చినప్పుడల్లా బార్ జరపండి. పక్కన "40 పేజీల్లో 12 అయ్యాయి" అని రాస్తే కౌంటర్ ముందున్న మనిషికి కూడా చదివి చెప్పొచ్చు. హైఫన్ క్యూ ఆప్షన్ ఇస్తే ఈ లైన్లు రావు, తీసేయండి.

ఎఫ్ఎఫ్ఎంపెగ్ ప్రోగ్రెస్‌ను ఎస్‌టీడీఎర్రర్‌లో రాస్తుంది. దానికి ప్రోగ్రెస్ అనే ఆప్షన్ విడిగా ఉంది, అది ఇచ్చే లైన్లు పట్టుకోవడం తేలిక.

లైన్లన్నీ చివర్లో ఒక్కసారే వచ్చి పడుతున్నాయంటే మీ కోడ్ తప్పు కాకపోవచ్చు. చాలా ప్రోగ్రామ్‌లు తెర మీదికి రాసేటప్పుడు లైను లైనుగా పంపి, పైప్‌లోకి రాసేటప్పుడు మూటగట్టి పంపుతాయి. నడిపేది మీరే రాసిన పైథాన్ స్క్రిప్టు అయితే హైఫన్ యూ ఆప్షన్‌తో నడపండి.

7. రద్దు బటన్

రద్దు నొక్కితే టెర్మినేట్ పిలవండి, అంతే. దాని పక్కనే వెయిట్ పిలవకండి, అది మళ్లీ బిగింపే. "రద్దు చేస్తున్నాం" అని రాసి వదిలేస్తే, ప్రోగ్రామ్ నిజంగా ముగిసినప్పుడు "చూడు" ఫంక్షన్ ఎలాగూ పట్టుకుంటుంది. లైనక్స్‌లో టెర్మినేట్‌ను కొన్ని ప్రోగ్రామ్‌లు పట్టించుకోవు. అలాంటప్పుడు 3 సెకన్ల తర్వాత ఇంకా బతికే ఉంటే కిల్ పిలవమని ఆఫ్టర్‌తోనే పెట్టండి. విండోస్‌లో టెర్మినేట్, కిల్ రెండూ ఒకటే.

ఎంతసేపటికీ ముగియని ఫైళ్లకు గడువు పెట్టాలంటే మొత్తం సమయం మీద పెట్టకండి. నలభై పేజీలకు పట్టే టైమ్ వేరు, రెండు పేజీలకు పట్టే టైమ్ వేరు. చివరి లైను వచ్చి ఎంతసేపయిందో చూసి, ఒక నిమిషం దాటితే "కదలడం లేదు, రద్దు చేయమంటారా?" అని అడగండి. దానంతట అదే చంపేయడం నాకు నచ్చదు. ఆపాలో వద్దో ఆపరేటర్ చెప్పాలి.

8. విండో మూసినప్పుడు

మూలన గుణకారం గుర్తు నొక్కితే విండో పోతుంది, వెనక ఘోస్ట్‌స్క్రిప్ట్ మాత్రం నడుస్తూనే ఉంటుంది. ప్రోటోకాల్ ఫంక్షన్‌తో డబ్ల్యూఎం డిలీట్ విండోకు మీ ఫంక్షన్ తగిలించండి. పని నడుస్తుంటే అడగాలి, సరే అంటే టెర్మినేట్ చేసి, మిగిలిన ఆఫ్టర్ పిలుపును ఆఫ్టర్ క్యాన్సిల్‌తో తీసేసి, అప్పుడు డిస్ట్రాయ్ పిలవాలి. ఈ వరుస తప్పితే ఇన్‌వాలిడ్ కమాండ్ నేమ్ అనే ఎర్రర్లు వస్తాయి.

9. ముగిశాక నమ్మే ముందు చూడండి

కోడ్ 0 వచ్చిందంటే ప్రోగ్రామ్ తన లెక్కలో బాగానే ముగించినట్టు. అంతమాత్రాన ఫైలు బాగుందని కాదు. అవుట్‌పుట్‌ను ఎప్పుడూ ఒక తాత్కాలిక పేరుతో రాయించండి. కోడ్ 0 అయి, ఫైలు ఉండి, సైజు సున్నా కాకుండా ఉంటే అప్పుడు ఓఎస్ మాడ్యూల్‌లోని రీప్లేస్‌తో అసలు పేరు పెట్టండి. రద్దయినా, కోడ్ వేరే వచ్చినా తాత్కాలిక ఫైలును తీసేయండి. ఇలా చేస్తే సగం పీడీఎఫ్ ఆపరేటర్ కంట పడే అవకాశమే లేదు.

ఇన్‌పుట్, అవుట్‌పుట్‌లకు ఒకే పేరు ఇస్తే ఘోస్ట్‌స్క్రిప్ట్ అసలు స్కాన్‌నే తుడిచేస్తుంది. తాత్కాలిక పేరులో శాతం గుర్తు కూడా రాకూడదు, దాన్ని అది పేజీ నంబరు పెట్టే చోటుగా తీసుకుంటుంది.

సైజు తగ్గిందో లేదో కూడా చూపించండి. పీడీఎఫ్‌సెట్టింగ్స్‌లో ఈబుక్ అంటే బొమ్మలు 150 డీపీఐకి, స్క్రీన్ అంటే 72కు దిగుతాయి. స్క్రీన్‌తో సైజు బాగా తగ్గుతుంది కానీ పాస్‌పుస్తకంలోని చిన్న అక్షరాలు, సర్వే నంబర్లు చెదిరిపోతాయి. ఈబుక్‌తోనే మొదలుపెట్టమని నా సలహా.

తరచూ చేసే తప్పులు

ఆఫ్టర్‌కు ఫంక్షన్ పేరు ఇవ్వాల్సిన చోట పేరు పక్కన బ్రాకెట్లు పెట్టడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. బ్రాకెట్లు పెడితే 100 మిల్లీసెకన్ల తర్వాత కాదు, ఇప్పుడే పిలుస్తుంది. "చూడు" తనను తానే ఆగకుండా పిలుచుకుని రికర్షన్ ఎర్రర్ వస్తుంది. ఫంక్షన్ ఏదీ ఇవ్వకుండా ఆఫ్టర్‌కు అంకె మాత్రమే ఇస్తే అది స్లీప్ లాగే ఆగుతుంది.

రెండోది, వైల్ లూప్‌లో పోల్ చూస్తూ మధ్యలో అప్‌డేట్ పిలవడం. విండో కదులుతుంది కాబట్టి సరైపోయిందనిపిస్తుంది. కానీ అప్‌డేట్ లోపల కొత్త క్లిక్‌లు కూడా నడుస్తాయి. ఆపరేటర్ ఇంకో బటన్ నొక్కితే మొదటి లూప్ లోపల రెండో లూప్ మొదలవుతుంది, మధ్యలో విండో మూస్తే కోడ్ ఎక్కడ తేలుతుందో చెప్పలేం.

బటన్ ఆపి మళ్లీ ఇవ్వడం మరవడం ఇంకొకటి. అంతా బాగున్నప్పుడు "ముగించు"లో బటన్ తిరిగి ఇస్తారు, ఎర్రర్ దారిలో ఇవ్వరు. పాడైన పీడీఎఫ్ ఒకటి రాగానే టూల్ మూసి తెరవాల్సి వస్తుంది. ఏ దారిన వచ్చినా ఒకే "ముగించు" గుండా పోయేలా రాయండి.

పది ఫైళ్లు ఎంచుకుంటే పది పోపెన్‌లు ఒకేసారి మొదలుపెట్టకండి. 4 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ అక్కడే కూలబడుతుంది. పేర్లను లిస్టులో పెట్టుకుని, ఒకటి ముగిశాక "ముగించు" నుంచి తర్వాతిది మొదలుపెట్టండి.

అన్నీ చేశాక కూడా మొదలయ్యేటప్పుడు ఒక్క క్షణం గడియారం ఆగుతుంటే, ఘోస్ట్‌స్క్రిప్ట్ షేర్ చేసిన ఫోల్డర్‌లోనో పక్క కంప్యూటర్‌లోనో ఉందేమో చూడండి. నెట్‌వర్క్ మీద నుంచి ఎక్జి తెరవడానికి పోపెన్‌కే టైమ్ పడుతుంది. దాన్ని అదే కంప్యూటర్‌లో పెట్టుకోండి, కుదరకపోతే పోపెన్‌ను కూడా థ్రెడ్‌లోకి మార్చండి.

సరిగా వచ్చిందో లేదో ఇలా పరీక్షించండి

ఘోస్ట్‌స్క్రిప్ట్ బదులు నడపడానికి నాలుగైదు లైన్ల చిన్న పైథాన్ స్క్రిప్టులు రాసుకోండి. ఒక్కోటి ఒక్కో జబ్బును బయటపెడుతుంది.

- 20 సెకన్లు స్లీప్ చేసేది. ఆ సేపంతా గడియారం పరిగెత్తాలి, విండోను లాగితే కదలాలి, చిన్నది చేసి పెద్దది చేస్తే తెల్లబడకూడదు.
- లక్ష లైన్లు ఆగకుండా రాసేది. పైప్ ఖాళీ అవుతోందా, ఒక్కసారికి 200 హద్దు పని చేస్తోందా తెలుస్తుంది.
- ఇన్‌పుట్ అడిగేది. వెంటనే తప్పు కోడ్‌తో ముగియాలి, ఆగకూడదు.
- కోడ్ 3తో బయటికి వచ్చేది. ఎర్రర్ మెసేజ్ రావాలి, బటన్ తిరిగి పని చేయాలి, తాత్కాలిక ఫైలు ఉండకూడదు.
- "పెళ్లి", "పాస్‌పుస్తకం" అని యూటీఎఫ్-8లో రాసేది. థ్రెడ్ బతికి ఉండాలి.

తర్వాత రద్దు నొక్కి, టాస్క్ మేనేజర్‌లో ఘోస్ట్‌స్క్రిప్ట్ నిజంగా పోయిందా చూడండి. పని మధ్యలో విండో మూసి మళ్లీ చూడండి. మొదలుపెట్టు బటన్‌ను గబగబా ఐదారుసార్లు నొక్కండి, ఒక్కటే నడవాలి.

టికింటర్ కాకుండా వేరేది వాడితే

క్యూటీలో ఈ పని తేలిక. క్యూప్రాసెస్ వాడి, దాని ఫినిష్డ్, రెడీరీడ్ సిగ్నల్స్‌కు మీ ఫంక్షన్లు తగిలించండి. థ్రెడ్ అక్కర్లేదు. వెయిట్‌ఫర్‌ఫినిష్డ్ మాత్రం ముట్టుకోకండి, అది ఏమీ ఇవ్వకపోతే 30 సెకన్ల దాకా ఆగుతుంది. సీషార్ప్‌లో డాట్‌నెట్ 5 నుంచి వెయిట్‌ఫర్‌ఎగ్జిట్‌అసింక్ ఉంది, అవెయిట్‌తో వాడండి. జావా స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్ ఉంది, చదివే పని డూఇన్‌బ్యాక్‌గ్రౌండ్‌లో, తెర మార్చే పని ప్రాసెస్, డన్‌లలో పెట్టాలి. పైప్ నిండే చిక్కు, ప్రశ్న అడిగే చిక్కు ఏ భాషలోనైనా ఇవే.

ఎక్జి చేసి షాపుకు ఇచ్చే ముందు

పైథాన్ కోడ్‌ను ఎక్జిగా మార్చే పైఇన్‌స్టాలర్‌తో కన్సోల్ (నల్ల తెర) లేకుండా ఎక్జి చేస్తే మీ టూల్‌కు ఎస్‌టీడీఅవుట్ ఉండదు. ఎర్రర్లను ప్రింట్‌తో చూసే అలవాటు ఉంటే అవి గాలిలో కలిసిపోతాయి, లాగ్ ఫైలులో రాయించండి. ఎస్‌టీడీఇన్, అవుట్, ఎర్రర్ మూడింటికీ పోపెన్‌లో ఏదో ఒకటి తప్పకుండా ఇవ్వండి. ఒక్కటి వదిలినా కొన్ని కంప్యూటర్లలో హ్యాండిల్ ఇన్‌వాలిడ్ అని ఎర్రర్ వస్తుంది.

పరీక్ష స్క్రిప్టులను సిస్ మాడ్యూల్‌లోని ఎక్జిక్యూటబుల్‌తో నడిపే లైన్లు మిగిలి ఉంటే తీసేయండి. ఎక్జి అయ్యాక ఆ పేరు పైథాన్‌ది కాదు, మీ టూల్‌దే. బటన్ నొక్కినప్పుడల్లా మీ టూలే ఇంకొకటి తెరుచుకుంటుంది.